చిప్పగిరి దాసకూటం: పాటతో సాగిన ఒక వాదన

గుంతకల్లులో రైలు మారేవాళ్ళలో చాలామందికి పక్కనే ఉన్న చిప్పగిరి పేరు తెలియదు. కర్నూలు జిల్లా పడమటి అంచున, ఆలూరు దగ్గర ఉన్న ఈ ఊళ్ళోనే విజయదాసు (1682-1755) చివరి రోజులు గడిపి కన్నుమూశాడు. కార్తీక శుద్ధ దశమికి ఇక్కడ ఆయన ఆరాధన జరుగుతుంది. పుట్టింది మాన్వి దగ్గరి చీకలపర్విలో. కడు పేదరికంలో ఇల్లు వదిలి కాశీ దాకా తిరిగాడనీ, అక్కడ కలలో పురందరదాసు కనబడి 'విజయవిఠల' అన్న అంకితం ఇచ్చాడనీ చెప్పుకుంటారు.

అంకితం అంటే పాట చివర్లో వచ్చే ముద్ర. అది ఎవరికి వాళ్ళు పెట్టుకునే పేరు కాదు, గురువు ఇవ్వాలి. విజయదాసు దగ్గర ఒకాయన గోపాలవిఠలుడయ్యాడు. ఆయన దగ్గర మరొకాయన జగన్నాథవిఠలుడయ్యాడు. పేర్ల వరస చూస్తే చాలు, ఎవరి పాట విని ఎవరు పాడటం మొదలుపెట్టారో తెలిసిపోతుంది. కన్నడంలో దీన్ని దాసకూటం అంటారు. కూటం అంటే మరేం లేదు, కలిసి కూర్చునే జనం.

వీళ్ళు కలిసి కూర్చుని ఏం చేశారు? భజన చేశారు అని ఒక్కమాటలో తేల్చేస్తాం. నిజానికి చాలాభాగం వాదించుకున్నారు. మధ్వమతంలో దాసకూటంతో పాటు వ్యాసకూటం అని ఇంకొకటుంది: సంస్కృత గ్రంథాలు చదివి వ్యాఖ్యానాలు రాసే పండితులది. ఆ పుస్తకాల్లోని విషయాన్నే దాసులు కన్నడంలో, రాగతాళాల్లో చెప్పారు. విజయదాసు చెయ్యి తిరిగిన రూపం సుళాది. ఒక్కో చరణం ఒక్కో తాళంలో నడుస్తుంది, ఆఖర్న 'జతె' అని రెండు పాదాలు. ధ్రువ తాళంలో ఒక మాట ఎత్తుకుని, మఠ్యంలో దాన్ని విప్పి, తాళం మారినప్పుడల్లా ఇంకో మెట్టెక్కి, జతెలో తేల్చేయొచ్చు. వ్యాసం రాయడానికి ఇంతకన్నా మంచి చట్రం దొరుకుతుందా?

పండితులకిది నచ్చలేదు. మాన్వికి చెందిన శ్రీనివాసాచార్యుడి కథ ఆ గొడవ గురించే. విజయదాసు భోజనానికి పిలిస్తే, కన్నడ పాటలు పాడుకునేవాడి ఇంటికి వెళ్ళడమేమిటని చిన్నచూపు చూసి, ఆలస్యంగా తింటే కడుపునొప్పి వస్తుందని సాకు చెప్పి తప్పించుకున్నాడట. ఆ నొప్పి నిజంగానే పట్టుకుంది. మంత్రాలయంలో సేవ చేసినా తగ్గలేదు. చివరికి విజయదాసు దగ్గరికే వస్తే, ఆయన తన శిష్యుడు గోపాలదాసు దగ్గరికి పొమ్మన్నాడు. గోపాలదాసు ఉండేది ఉత్తనూరులో, ఇప్పటి గద్వాల జిల్లాలో. ఆయన జొన్నరొట్టె పెట్టి నొప్పి పోగొట్టి, తన ఆయుష్షులో నలభై ఏళ్ళు ఇచ్చాడంటారు.

కథలో మహిమ సంగతి అలా ఉంచుదాం. నాకు ముఖ్యమనిపించేది పొమ్మన్న చోటు. అవమానం జరిగింది గురువుకి. నయం చేసే పని మాత్రం శిష్యుడికి. పండితుడు దిగి రావాల్సింది ఒక పెద్ద పేరు ముందుకి కాదు, తనకన్నా తక్కువ చదివినవాడి జొన్నరొట్టె ముందుకి. ఆ శ్రీనివాసాచార్యుడే తర్వాత జగన్నాథదాసయ్యాడు. తను చదివిన సంస్కృత శాస్త్రాన్నంతా 'హరికథామృతసార' పేరుతో భామినీ షట్పదిలో కన్నడంలోకి తెచ్చాడు. వాదన ఓడిపోవడంతో కాకుండా ఒక పుస్తకంతో ముగియడం అరుదు.

ఈ కూటాన్ని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. భాష దగ్గర తలుపులు తెరిచినా, కులం దగ్గర చాలావరకు మూసే ఉంచింది. అంతకు రెండు శతాబ్దాల ముందు కనకదాసు లాంటివాడు పాడిన సంప్రదాయమిది. అయినా చిప్పగిరి నాటికి పేరున్న దాసుల్లో ఎక్కువమంది మాధ్వ బ్రాహ్మణులే.

ఇంకో మూసిన తలుపు మనది. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లాని భాషని బట్టి పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకి వచ్చాయి. ఆలూరుతో చిప్పగిరీ వచ్చింది. ఊరు మనకొచ్చింది, పాట అవతలే ఉండిపోయింది. కన్నడ సాహిత్య చరిత్రలో విజయదాసుకి అధ్యాయముంటే, మన చరిత్రల్లో వెతుక్కోవాలి. కన్నడంలో రాశాడు కదా అంటారు. నిజమే. కానీ ఈ నేల మీద రెండు భాషలూ ఒకే అరుగు మీద కూర్చున్నాయి. హరికథామృతసారని తెలుగు లిపిలో అచ్చేసుకుని కన్నడంలోనే పాడుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. తిరుపతి దేవస్థానం వాళ్ళకి దాససాహిత్య ప్రాజెక్టే ఉంది. సరిహద్దుని పట్టించుకోనిది పాడేవాళ్ళే, పట్టుకు కూర్చున్నది చరిత్ర రాసేవాళ్ళు.

అచ్చు వల్ల మాట నిలిచింది. 1850లోనే మంగళూరులో హెర్మన్ మోగ్లింగ్ అనే జర్మన్ మిషనరీ దాసుల పదాలు అచ్చు వేయించాడు. వరస మాత్రం అచ్చులో నిలవదు. చాలా సుళాదులకి మొదటి బాణీలు ఇప్పుడు లేవు. తాళం పేరు కాగితం మీదుంది, ఆ తాళంలో మాట ఎలా విరిగేదో చెప్పే నోరు లేదు. అందుకే విజయదాసుని చదవడం మొదలుపెట్టేవాళ్ళు ఒక్కరే కూర్చుని చదవకండి. పక్కన ఇంకొకరుండాలి, ఒప్పుకోనివాళ్ళయితే మరీ మంచిది.