సద్ది గిన్నె, బాంగో బిళ్ల

పోయిన ఆదివారం అమ్మని, నాయినని హైటెక్ సిటీలో ఒక హవాయి రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. ఆఫీస్ ఐడీ కార్డు చూపిస్తే డిస్కౌంట్ ఇస్తారు. ఆర్డర్ ఇచ్చాక కౌంటర్‌లో అబ్బాయి నంబర్ పిలుస్తాడు, మనమే వెళ్లి తెచ్చుకోవాలి.

పోకే బౌల్ చూసి అమ్మ "చేప ఉడకవెట్టనే లేదు గదా!" అని చికెన్ గిన్నె తన వైపు లాక్కుంది. నాయిన మాత్రం కలిపి చూసి, "కింద అన్నం, మీద కూర. గిది మన సద్దే గద బిడ్డా" అన్నాడు.

సరదాకే అన్నాడు గానీ, నిజానికి అది సద్దే.

పోకే అంటే హవాయి భాషలో ముక్కలుగా కోయడం. పచ్చి చేప ముక్కలకి ఉప్పు, సముద్రపు నాచు కలిపి తినడం అక్కడివాళ్ల పాత అలవాటు. అన్నం, సోయా సాస్ చెరుకు తోటల వెంట వచ్చాయి. 1835లో కొలోవాలో పెద్ద తోట మొదలైంది. 1852లో చైనా నుంచి, 1878లో పోర్చుగల్ దీవుల నుంచి, 1885 నుంచి పెద్ద ఎత్తున జపాన్ నుంచి, 1906లో ఫిలిప్పీన్స్ నుంచి కూలీలని దింపారు. వాళ్లు పొలానికి తీసుకెళ్లే రెండంతస్తుల రేకు డబ్బా పేరు కౌకౌ టిన్. కింద అన్నం, పైన కూర. మధ్యాహ్నం కూర్చుని ఒకరి కూర ఒకరు రుచి చూసేవాళ్లు. ఇవాళ్టి హవాయి భోజనం చాలావరకు అక్కడ పుట్టిందే.

ఆ కూలీల మెడలో బాంగో అనే లోహపు బిళ్ల కూడా ఉండేది. దాని మీద నంబర్. జీతం ఇచ్చేది ఆ నంబర్‌కే, తోట కొట్లో అరువు రాసేదీ ఆ నంబర్ మీదే. ఒకే పనికి జాతిని బట్టి కూలి మారేది. దాని మీద 1909లో జపాన్ కూలీలు సమ్మె చేశారు. 1920లో ఫిలిప్పీన్స్ వాళ్లూ కలిశారు.

మన తెలుగు కూలీల ఓడలు హవాయికి కాదు, మారిషస్‌కి, నాటాల్‌కి, 1903 తర్వాత ఫిజీకి వెళ్లాయి. అక్కడా చెరుకే. ఓడ ఎక్కని మా తాత మేస్త్రీ వెంట నాగార్జున సాగర్ కట్టడానికి పోయాడు. "ఆడ ఆయన్ని పేరు పెట్టి పిలిచినోడు లేడు. పాలమూరోడా అనేటోళ్లు" అన్నాడు నాయిన.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఇక్కడ లేచిన అద్దాల మేడలకి మట్టి మోసినవాళ్లలోనూ పాలమూరు వాళ్లున్నారు. వాటిలో ఒకదానిలో నేను ఏసీలో కూర్చుంటాను. నా ఐడీ కార్డు బాంగో అని చెప్పుకుంటే సిగ్గుచేటు. కానీ నంబర్‌తో పిలిచే అలవాటు మాత్రం నాకూ వచ్చేసింది.

"నలభై ఏడు!" అని కౌంటర్ నుంచి కేక. అమ్మ అడిగిన సూప్. ఈసారి నాయిన లేచాడు. గిన్నె అందుకుంటూ "పేరేంది బిడ్డా? ఏ ఊరు?" అని అడిగాడు.

నారాయణపేట అట. పేరు కూడా చెప్పాడు. నేను నెలకి రెండుసార్లు వస్తాను అక్కడికి. ఎప్పుడూ అడగలేదు.