మరియమ్మ నిత్యకన్యాత్వము

పలనాటి గురజాలకు 1849లో లూథరను బోధకుడగు హయ్యరు వచ్చి మతప్రచారము సాగించెను. ఆ సీమలోనే రెంటచింతలయందు కథోలికుల దేవాలయము కలదు. యేసు కన్యకు జన్మించెనని ఈ యుభయులును విశ్వసింతురు. అటుపిమ్మటను మరియమ్మ కన్యగనే యుండెనా యనుచోట దారులు చీలుచున్నవి. ఆమె నిత్యకన్యయని కథోలికులందురు. సువార్తలు యేసు సహోదరులని పేర్కొనిన యాకోబు మొదలగు నలుగురును ఆమె కుమారులేయని నేటి ప్రొటెస్టెంటులలో పెక్కురు తలంతురు.

ఈ వివాదము ప్రాచీనము. వారు మరియమ్మ బిడ్డలేయని హెల్విడియసు వ్రాయగా, 383 ప్రాంతమున జెరోము దానిని ఖండించి, వారామె సోదరి కుమారులనెను. పినతల్లి బిడ్డలను అన్నదమ్ములనియే పిలుచు మనకు ఈ సమాధానము వింతగా తోపదు. కాని గ్రీకుభాషలో అట్టి బంధువులకు వేరుపదము కలదని ప్రొటెస్టెంటులు బదులు చెప్పుదురు.

అయినను నాటి వాదమునకు మూలము చుట్టరికము మాత్రమే కాదు. వివాహముకంటె కన్యావ్రతమే శ్రేష్ఠమని జెరోము, రెండును సమానములని హెల్విడియసు వాదించిరి. ఇల్లాలి గౌరవమే అచ్చట విచారణకు వచ్చినది.

విశేషమేమనగా, లూథరు సయితము మరియమ్మను నిత్యకన్యయనియే నమ్మెను. అతడు త్రోసివేసినది ఆ నమ్మకమును గాదు, గృహస్థధర్మముకంటె సన్న్యాసము గొప్పదను భావమును. సన్న్యాసియై యుండిన యతడే 1525లో వివాహమాడెను. కావున మరియమ్మను నిత్యకన్యయని కొలుచుటకై ఇల్లాలిని తక్కువ చేయ నక్కరలేదు. ఇల్లాలిని గౌరవించుటకై పొరుగువాని భక్తిని నిందింపనక్కరలేదు. కన్యయైనను, గృహిణియైనను, వితంతువైనను స్త్రీ గౌరవమును ఆమె స్థితినిబట్టి కొలువరాదని మా యభిప్రాయము.