వేలాది చిత్రాల ప్రాసెసింగ్: వేగానికీ మెమరీకీ మధ్య సమతూకం

పాత గ్రంథాలను, పత్రికలను స్కాన్ చేసి భద్రపరిచే గ్రంథాలయాల్లో, ఆ పుటల అంచులు కత్తిరించడం, వంపు సరిచేయడం, అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు అనువుగా మార్చడం వంటి పనులను ప్రోగ్రామ్‌ల చేత చేయిస్తారు. పది పుటలతో పరీక్షించినప్పుడు చక్కగా నడిచిన ప్రోగ్రామ్, 300 పుటల పుస్తకం అప్పగించగానే మధ్యలో ఆగిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. అటువంటప్పుడు లోపం ఎక్కువగా మెమరీ లెక్కలోనే ఉంటుంది.

ఆ లెక్క ఫైలు పరిమాణాన్ని చూస్తే తేలదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసిన ఏ4 పుటలో 2,480 × 3,508, అంటే సుమారు 87 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. రంగుల చిత్రంలో ఒక్కో పిక్సెల్‌కు 3 బైట్లు. డిస్కుపై జేపెగ్ రూపంలో కుదించుకుని ఉన్న ఆ పుట, తెరవగానే మెమరీలో సుమారు 26 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. 300 పుటలను ఒకేసారి తెరిస్తే 7.8 గిగాబైట్లు. 8 గిగాబైట్ల ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ఇక ఆపరేటింగ్ సిస్టమ్‌కే చోటు చాలదు. గణితం కోసం బైట్లను 32 బిట్ల దశాంశ సంఖ్యలుగా మారిస్తే భారం మరో నాలుగు రెట్లు పెరుగుతుంది. ర్యామ్ నిండితే యంత్రం డిస్కును మెమరీగా వాడుకుంటూ నత్తనడక నడుస్తుంది. లినక్స్ అయితే చివరకు ఆ ప్రోగ్రామ్‌నే ముగించివేస్తుంది.

ఒక్కొక్క పుటనే తెరిచి, పని పూర్తిచేసి, మూసివేయడం అన్నిటికంటే సురక్షితం. అయితే డిస్కు నుంచి చదువుతున్నంతసేపూ ప్రాసెసర్ ఖాళీగా ఉంటుంది. అందుకే పనిని పంచుతారు: ఒక భాగం చదువుతుంది, కొన్ని భాగాలు ప్రాసెస్ చేస్తాయి, వాటి మధ్య ఒక వరుస ఉంటుంది. ఆ వరుసకు హద్దు విధించడమే ఈ పద్ధతికి ప్రాణం. హద్దు లేకపోతే, చదివే భాగం ముందుకు పరుగెత్తి పుటలన్నిటినీ మెమరీలో పోగువేస్తుంది. హద్దు ఉంటే వరుస నిండగానే అది ఆగి వేచి ఉంటుంది.

ఉదాహరణకు నాలుగు భాగాలు పనిచేస్తూ, ఒక్కొక్కటి మూల చిత్రం, మధ్యంతర ప్రతి, తుది ప్రతి చొప్పున మూడింటిని పట్టుకుంటే 312 మెగాబైట్లు. వరుసలో ఎనిమిది పుటలు వేచి ఉంటే మరో 208. మొత్తం 520 మెగాబైట్లు. పుటలు మూడు వందలైనా, మూడు లక్షలైనా ఈ మొత్తం పెరగదు. పూర్తయిన చిత్రాలను జాబితాలో దాచుకుంటే మాత్రం ఈ లెక్కంతా వృథా. వాటిని వెంటనే డిస్కుకు రాసి, ఫైలు పేరును మాత్రమే తిరిగి ఇవ్వాలి.

పనిచేసే భాగాలను పెంచినకొద్దీ వేగం పెరుగుతుందన్నది పాక్షిక సత్యమే. పాత హార్డ్ డిస్కుపై అనేక భాగాలు ఒకేసారి చదవబోతే వేగం తగ్గవచ్చు కూడా. జాప్యం చదవడంలో ఉందా, ప్రాసెసింగ్‌లో ఉందా అన్నది ముందుగా కొలిచి తెలుసుకోవాలి.

అవసరం లేనిదాన్ని అసలు తెరవకపోవడం మరింత మేలు. జేపెగ్‌లో చిత్రం 8 × 8 పిక్సెళ్ల గడులుగా నిల్వ ఉంటుంది. కనుక సూచికకు చిన్న బొమ్మ చాలనుకుంటే, తెరిచేటప్పుడే పొడవు, వెడల్పులను ఎనిమిదో వంతుకు తగ్గించవచ్చు. మెమరీ 64వ వంతుకు దిగుతుంది. నలుపు తెలుపు ఛాయలు చాలిన అచ్చు పుటలకు మూడో వంతు సరిపోతుంది. మరకలు పడిన తాళపత్రాల విషయంలో రంగును తీసివేయడం తొందరపాటే. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో 10 మీటర్ల స్పష్టత గల ఒక్కో పొరలో 10,980 × 10,980 పిక్సెళ్లు ఉంటాయి. అంతటి చిత్రాలను ముక్కలు ముక్కలుగా చదవడమే ఆచరణయోగ్యం.

పుట పూర్తికాగానే తాత్కాలిక పేరుతో రాసి, ఆ తర్వాతే అసలు పేరు పెట్టే ఏర్పాటు ఉంటే, మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు పూర్తయినదిగా చెలామణి కాదు. తిరిగి మొదలుపెట్టిన ప్రోగ్రామ్ మిగిలిన పుటలనే తీసుకుంటుంది.