పాత ఆటోకి ఎంత ఇవ్వాలి? (మన బతుకు లెక్కలు – 9)



పోయిన వారం ఒక తమ్ముడు హాస్టల్ నుంచి మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా పెద్దన్న సెకండ్ హ్యాండ్ ఆటో చూసిండు. తొమ్మిదేండ్ల బండి. లక్షా అరవై చెప్తున్నరు. న్యాయమైన ధరేనా? నీకు తెలుస్తదని అడుగుతున్న."

మూడు రోజులు జవాబు ఇవ్వలేదు. ధర తెలియక కాదు. ఆ ప్రశ్న చూడగానే 1994లో మా నాయిన కొన్న ఆటో కళ్లముందుకొచ్చింది. ముందు దాని సంగతి రాస్తే గానీ ఈ తమ్ముడికి జవాబు చెప్పలేను. కాస్త పొడుగవుతుంది, ఓపికతో చదవండి.

మా నాయిన 80లలో నల్లగొండ జిల్లా నుంచి పట్నం వచ్చాడు. మొదట సైకిల్ రిక్షా తొక్కాడు. రిక్షా సేఠ్‌ది, కాళ్లు నాయినవి. సాయంత్రం బండి అప్పగించేటప్పుడు కిరాయి కట్టాలి, గిరాకీ ఉన్నా లేకపోయినా. తర్వాత ఆటో నేర్చుకున్నాడు. అదీ కిరాయిదే. 1994లో 32,000కి ఒక పాత బజాజ్ ఆటో బేరం కుదిరింది. అమ్మ మెడలోది అమ్మితే 8,000 వచ్చింది. మిగిలిన 24,000 ఒక ప్రైవేటు ఫైనాన్సర్ ఇచ్చాడు. రూపాయిన్నర వడ్డీ, 24 నెలలు. నెలకు అసలు 1,000, వడ్డీ 360, మొత్తం 1,360 కిస్తీ.

19 కిస్తీలు తప్పకుండా కట్టాడు. తర్వాత టైఫాయిడ్ వచ్చి రెండు నెలలు మంచం పట్టాడు. మూడో నెల మొదట్లో ఇద్దరు మనుషులు వచ్చి ఇంటి ముందున్న ఆటో తోలుకుపోయారు. అప్పటికి నాయిన ఫైనాన్సర్‌కి కట్టింది 25,840. తీసుకున్న అప్పు కంటే ఎక్కువ. అమ్మ మెడలోది కూడా కలిపితే బండి ధర కంటే ఎక్కువ. అయినా బండి మాది కాదట. ఎందుకంటే ఆర్‌సీలో నాయిన పేరే లేదు. పాత ఓనర్ సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఫైనాన్సర్ బీరువాలో ఉన్నాయి. ఇంకొకరి పేరు మీదున్న బండికి నాయిన పందొమ్మిది నెలలు కిస్తీ కట్టాడన్నమాట.

ఏడాది తర్వాత నాంపల్లి స్టేషన్ దగ్గర అదే ఆటో కనిపించిందట. రెగ్జిన్ మార్చారు, రంగు వేశారు. కానీ ముందు ఫోర్క్ దగ్గర నాయిన వేయించిన వెల్డింగ్ మచ్చ అలాగే ఉంది. దాన్ని తోలుతున్న కుర్రాడిని "ఎంతకు తీసుకున్నవ్ బిడ్డా" అని అడిగితే 34,000 అన్నాడట. బండి రెండేళ్లు పాతబడింది, ధర 2,000 పెరిగింది. నాయిన ఈ ముక్క చెప్పేటప్పుడు ఇప్పటికీ నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

పాతబడిన వస్తువు ధర తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్న పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. దొరికిన సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మన దేశంలో మూడు చక్రాల మోటారు బండి కథలో సెకండ్ హ్యాండ్ మొదటి నుంచీ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న హార్లీ డేవిడ్‌సన్ మోటారు సైకిళ్లను ఢిల్లీలో కొనుక్కుని, వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల బండి పెట్టె తగిలించి జనాన్ని ఎక్కించుకునేవాళ్లు. ఫట్‌ఫటీ అనేవాళ్లు దాన్ని. దేశ విభజనలో అన్నీ పోగొట్టుకుని వచ్చిన శరణార్థులు చాలామంది దాని మీదే బతికారు. కన్నాట్ ప్లేస్ నుంచి చాందినీ చౌక్ వైపు 90ల చివరిదాకా ఆ శబ్దం వినపడేది. మోటారు సైకిల్ ఒక ధర, దానికి తగిలించిన పెట్టె ఒక ధర, తోలే లైసెన్సు ఇంకో ధర. మూడూ కలిస్తేనే బండి.

మనం ఆటో అనేదానికి తల్లి ఇటలీలో ఉంది. యుద్ధంలో చితికిపోయిన ఆ దేశంలో పియాజియో కంపెనీ 1946లో వెస్పా స్కూటర్, 1948లో దానికి వెనక రెండు చక్రాలు పెట్టి ఆపే అనే బండి తెచ్చింది. ఆపే అంటే వాళ్ల భాషలో తేనెటీగ. బజాజ్ వాళ్లకు మన ప్రభుత్వం 1959లో రెండు చక్రాల, మూడు చక్రాల బండ్లు చేసుకునే లైసెన్సు ఇచ్చింది. ఏడాదికి ఎన్ని చేయాలో కూడా ప్రభుత్వమే చెప్పే కాలం అది. అందుకే స్కూటర్ బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు. కొత్త స్కూటర్ షోరూం ధర కంటే వాడిన స్కూటర్ బయట ఎక్కువకు అమ్ముడుపోయేది. వాడిన బండి ఇవాళే చేతికొస్తుంది కదా! అలా ధర ఇనుము నుంచి జారి ఎదురుచూపుల మీదకు ఎక్కింది.

లైసెన్సుల కాలం పోయింది. ఆటోకు మాత్రం ఆ స్థానంలో పర్మిట్ వచ్చి కూచుంది. 1988 మోటారు వాహనాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం అయిదు లక్షలకు తగ్గని జనాభా ఉన్న పట్టణాల్లో ఇలాంటి బండ్ల సంఖ్యకు కేంద్రం చెబితే రాష్ట్రం హద్దు పెట్టాలి. ఢిల్లీలో 1997లో సుప్రీంకోర్టే ఆటోల సంఖ్యను ఉన్నచోట ఆపేసింది. కాలుష్యం కేసు అది. మరుసటి ఏడాది, 1990కి ముందు ఆటోలన్నీ తీసేసి కొత్తవి పెట్టాలంది. పాత బండి తుక్కుకు పోతుంది, పర్మిట్ మాత్రం బతికే ఉంటుంది. దాని మీద కొత్త బండి దింపాలి, కొత్త బండికి అప్పు కావాలి, అప్పు ఇచ్చేవాడు ఫైనాన్సర్. చివరికి పర్మిట్లు ఎవరి బీరువాల్లోకి చేరాయో వేరే చెప్పాలా? 2011లో 55,000 హద్దును లక్షకు పెంచేనాటికి అక్కడ బండి ధర కంటే పర్మిట్ బ్లాక్ ధర ఎక్కువైపోయింది.

హైదరాబాదులో కూడా 2000ల మొదట్లో కొత్త ఆటోలకు తలుపులు మూశారు. మా నాయిన రెండోసారి ఆటో కొన్నది ఆ తర్వాతే. ఫ్లోరు తుప్పు పట్టి రోడ్డు కనిపించే బండి అది. దాన్ని కొన్నది పర్మిట్ కోసం. రేకుల డబ్బాకు అంత డబ్బా అని అమ్మ తిట్టింది. "రేకులకు కాదే, కాయితానికి" అన్నాడు నాయిన. గాలి బాగుండాలని అందరికీ ఉంటుంది. మా బస్తీ పిల్లలకే దగ్గు ఎక్కువ, నేను కాదనను. కానీ ఆ మంచి గాలి ఖర్చును కిస్తీల్లో కట్టింది ఆటోవాళ్లు.

ఇక్కడ కులం ఎక్కడుందన్నా, ఫైనాన్సర్ అందరినీ ఒకేలా పిండుతాడు కదా అని ఎవరో ఒకరు కామెంట్ పెడతారు. వాళ్ల కోసం రెండు సంఘటనలు.

1901. మసూర్ స్టేషన్‌లో పిల్లలు కొందరు రైలు దిగారు. కోరేగావ్‌లో పనిచేస్తున్న నాన్న దగ్గరకు వెళ్లాలి. వాళ్లలో ఒకడు భీమ్. మహర్లని తెలిసేసరికి ఏ బండివాడూ రానన్నాడు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, రెట్టింపు కిరాయికి. ఆ రెట్టింపు ఇచ్చినా బండి తోలుకోవాల్సింది పిల్లలే. బండివాడు పక్కన నడుస్తూ వస్తాడు. 1929లో చాళీస్‌గావ్‌లో మళ్లీ అదే. ఇప్పుడాయన డాక్టర్ అంబేడ్కర్, అంటరానివాళ్ల కష్టాలు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడు. టాంగావాలా టాంగా ఇస్తాను గానీ తోలను అన్నాడు. ఎప్పుడూ టాంగా తోలని మనవాడొకడు పగ్గాలు పట్టాడు. కల్వర్టు మీద నుంచి టాంగా నదిలో పడింది, బాబాసాహెబ్ రాళ్ల మీద పడ్డారు, కాలు విరిగింది. ఇవన్నీ ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. విద్యార్థులు తప్పకుండా చదవాలి.

ఆ రెట్టింపు కిరాయి గుర్తుపెట్టుకోండి. బండి అదే, దారి అదే, దూరం అదే. ఎక్కేవాడి కులాన్ని బట్టి ధర మారింది. అప్పుడు బండి ఇచ్చి తోలనన్నారు. ఇవాళ తోలేది మనమే, బండి మన పేరు మీద ఉండదు. బ్యాంకు జమానతు అడుగుతుంది. జమానతు ఇవ్వడానికి సొంత ఇల్లు, జీతమున్న చుట్టం కావాలి. మా వాడలో ఎవరికున్నాయి? ఇంటి అడ్రస్ చెప్పగానే "ఏ కాలనీ?" అని అడిగే ముఖం మీలో చాలామంది చూసే ఉంటారు. అందుకే నేరుగా ప్రైవేటు ఫైనాన్స్ గడప ఎక్కుతాం. అక్కడి రూపాయిన్నర వడ్డీ లెక్క చూడండి. నాయిన చివరి కిస్తీ నాటికి మిగిలే అసలు 1,000 మాత్రమే, ఆ నెల కూడా వడ్డీ 24,000 మీదే, 360. తగ్గుతున్న అసలు మీద లెక్కేస్తే అది నెలకు 2 రూపాయల 60 పైసల వడ్డీ. నాయిన ఎనిమిదో తరగతి వరకైనా చదివి ఉంటే ఇది పట్టుకునేవాడా? ఏమో. నేను డిగ్రీలో గానీ పట్టుకోలేకపోయాను.

ఇక తమ్ముడి ప్రశ్నకు వస్తాను.

మొదట కాగితాలు. ఆర్‌సీలో ఎవరి పేరుందో, అమ్ముతున్నవాడు అతనేనా అన్నది చూడాలి. ఫైనాన్స్ నమోదై ఉంటే కంపెనీ ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వొద్దు. 29, 30 ఫారాల మీద సంతకాలు ఇస్తే చాలదు, పేరు మారేదాకా వెంటపడాలి. పర్మిట్ అయిదేళ్లకే ఇస్తారు, ఎప్పటిదాకా ఉందో చూడాలి. ఆర్‌టీఏ అనుమతి లేకుండా అది ఇంకొకరికి మారదని 82వ సెక్షన్ చెబుతోంది. "పర్మిట్ నా పేరు మీదే ఉండనియ్, నెలకింత ఇయ్యి" అంటే అది అమ్మకం కాదు, కిరాయే. ఎనిమిదేళ్లు దాటింది కాబట్టి ఫిట్‌నెస్ ఏటేటా చేయించాలి. చలాన్లు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో నంబరు కొట్టి చూడు.

తర్వాత ఇనుము. చాసిస్ నంబరు గీకినట్టుందా, ఆర్‌సీతో కలుస్తుందా. కొత్త రంగు మెరుస్తుంటే అనుమానించు, టింకరింగ్ కింద తుప్పు దాక్కుంటుంది. ఇంజన్ వేడిగా ఉంచి చూపిస్తే మళ్లీ వస్తామని చెప్పి తెల్లారే వెళ్లు. చల్లటి ఇంజన్ ఎన్ని ప్రయత్నాలకు అందుకుంటుందో, పొగ నీలంగా వస్తుందో చూడు. నాలుగు స్ట్రోకుల బండికి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, బోరు పని దగ్గరపడ్డట్టు. ముగ్గురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కించు.

ఇప్పుడు ధర. మీ అన్న రోజుకు 350 కిరాయి కడుతున్నానన్నాడు కదా, 26 రోజులకు 9,100. సొంత బండైతే అది మిగులుతుంది. కానీ ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, రిపేర్లు తన నెత్తినే పడతాయి. నెలకు 3,000 తీసి పక్కన పెట్టు. మిగిలేది 6,100. లక్షా అరవైకి కొని, పేరు మార్పిడికీ వెంటనే చేయాల్సిన పనులకీ 25,000 కలిపితే లక్షా ఎనభై అయిదు వేలు. అది తిరిగి రావడానికి 30 నెలలు. అందులో లక్ష రూపాయిన్నర వడ్డీకి రెండేళ్లకు తెస్తే వడ్డీ ఒక్కటే 36,000, అంటే ఇంకో ఆరు నెలలు. తొమ్మిదేళ్ల బండి మూడేళ్లు పెద్ద పని పెట్టకుండా తిరగాలి. తిరుగుతుందని నేను రాసివ్వలేను. లక్షా ముప్పైకి దిగితే, అప్పు లేకుండా అయితే, 25 నెలలు. కాగితాలన్నీ శుభ్రంగా ఉంటేనే అది కూడా. అమ్మేవాడు తన పాత సంపాదన చెబితే నమ్మొద్దు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక అడ్డాల్లో గిరాకీ మారిపోయింది. ఆ పథకం తీసేయాలని నేననను, మా అమ్మ ఆ బస్సులోనే ఆస్పత్రికి వెళ్తుంది. ఆ నష్టాన్ని మాత్రం బండి ధరలో తగ్గించి అడగాలి.

ఇదంతా రాసి పంపాను. తమ్ముడు వెంటనే, "అన్నా, ఫైనాన్స్ ఇంకా ఉన్నదట, మిగిలిన కిస్తీలు మనల్నే కట్టుకోమంటున్నరు" అన్నాడు. అడ్వాన్స్ ఇచ్చారా అని అడిగాను. 10,000 ఇచ్చారట. రసీదు లేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి నేనూ వస్తున్నాను. నాయిన కూడా వస్తానంటున్నాడు. ఇప్పుడాయనకు సరిగా వినపడదు. చెయ్యి ఆనించి డిఫరెన్షియల్ మోత చెబుతాడు. ముందు ఆ పదివేలు వెనక్కి అడగాలి, తర్వాతే బండి చూసేది.

వచ్చే భాగంలో, 1974లో పెట్టిన ఎస్సీ కార్పొరేషన్ సబ్సిడీ ఆటోల గురించి. మన పేరు మీద వచ్చి ఇంకొకరి ఇంటి ముందు నిలబడ్డ బండ్ల సంగతి మీ ఊళ్లో మీరు చూసి ఉంటే, పేర్లు లేకుండా రాయండి.