కోనసీమలో పెరటి తోట: ముందు మడి, తర్వాతే విత్తనం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో పెరటి మొక్కలను దెబ్బతీసేవి రెండు: వేర్ల దగ్గర నిలిచే నీరు, పైన కొబ్బరి నీడ. విత్తనం కొనే ముందే ఈ రెండూ చూసుకోవాలి.

స్థలం: రోజుకు 6 గంటలు ఎండ తగిలే చోట వంగ, బెండ, టమాటా, బంతి వేయాలి. కొబ్బరి చెట్ల నీడలో కంద, చేమ, పసుపు, కనకాంబరం వేసుకోవచ్చు.

మడులు: 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండాలి. మడుల మధ్య కాలువ తీసి వాన నీటిని బోదెలోకి వదలాలి. సెంటుకు 100 కిలోల చివికిన పశువుల ఎరువు, 2 కిలోల వేపపిండి కలపాలి. పచ్చి కొబ్బరి పొట్టు వేయరాదు; కుళ్లబెట్టినదే వాడాలి.

నాటడం: మొదట తోటకూర, గోంగూర చల్లండి. వంగ, టమాటా నారు సెప్టెంబరు చివర పోసి, వానలు తగ్గాక 25–30 రోజుల నారును నాటాలి. వరుసల మధ్య 2 అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర ఎడం ఉంచాలి. ఆనప, బీర, దొండ పాదులను పందిరికి పాకించాలి.

నీరు: తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటే లేత నారుకు పోయరాదు. వేసవిలో కాలువలు కట్టేసే నాటికి మొక్కల మొదళ్లలో ఎండుటాకులు పరచాలి. అంట్లు కడిగిన నీటిని అరటి, చేమలకు మళ్లించండి, ఆకుకూరలపై పోయవద్దు.

పురుగులు: టమాటా మడి చుట్టూ బంతి నాటితే కాయతొలిచే పురుగు బంతిపై గుడ్లు పెడుతుంది. వాటిని ఏరి నాశనం చేయాలి. పేనుబంకకు లీటరు నీటిలో 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

మొదటి ఏడాది ఒక సెంటు చాలు.