లంబసింగి మట్టిదారి, బాస్టియన్ వేయించిన రోడ్డు

మొన్న సంక్రాంతికి అనకాపల్లి వెళ్ళినప్పుడు ఇంజనీరింగ్ బ్యాచ్ వాళ్ళం నలుగురం లంబసింగి బయల్దేరాం. తాళ్ళపాలెం జంక్షన్లో టీ, నర్సీపట్నంలో ఇడ్లీ. డౌనూరు దాటి ఘాట్ మొదలయ్యాక కారు ఓ పక్కన పెట్టేసి, తారురోడ్డు వదిలి అడవిలోకి ఎక్కే మట్టిదారి పట్టాం. నాలుగు మలుపులకే నాకు ఆయాసం. ఏళ్ళ తరబడి కుర్చీకి అతుక్కుపోయిన ఒళ్ళు మరి! ఎదురొచ్చిన ఓ పెద్దాయన "ఏటి బాబూ, బండుండగా నడుస్తన్నారేటి?" అని నవ్వేడు. సరదాకి తాతా, అన్నాం.

అసలు ఈ కొండమీదకి రోడ్డు ఎలా వచ్చిందో మనలో చాలామందికి తెలీదు. అల్లూరి సీతారామరాజు అనగానే కృష్ణ సినిమా (1974), పోలీస్ స్టేషన్లమీద దాడులు గుర్తొస్తాయి. ఆ కథ మొదట్లో ఒక రోడ్డు కాంట్రాక్టు ఉంది. అప్పట్లో గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ అనే ఆయన. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు ఘాట్ రోడ్డు పని ఆయన చేతిలో పడింది. రాళ్ళు కొట్టి, మట్టి మోసింది కొండవాళ్ళు. కూలి సరిగ్గా ఇవ్వలేదు, ఎదురు చెప్తే దెబ్బలు. మనతో ఓ శనివారం పని చేయిస్తే కాంప్ ఆఫ్ అడుగుతాం కదా... వీళ్ళు ఎవర్ని అడుగుతారు? ఫిర్యాదు వినాల్సిన అధికారే కాంట్రాక్టరైతే!

అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు వ్యవసాయానికి అడ్డం పడింది. అడవిలో కట్టె కొట్టినా, పశువుల్ని మేపినా తంటానే. అందుకే ఈ మన్యంలో ఫితూరీలు కొత్తకాదు. 1879లో రంప ఫితూరీ, 1916లో లాగరాయి ఫితూరీ అలా వచ్చినవే. సీతారామరాజు వచ్చేసరికి జనం కడుపు మండి ఉన్నారు. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్నవాడు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు! సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. తర్వాత మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగారు. కొండదారుల్లో దాక్కోగలిగిన వాళ్ళది కొంతకాలం పైచేయి అయింది గానీ, రోడ్డున్న సర్కారు ముందు ఎన్నాళ్ళు నిలుస్తుంది? 1924 మే 7న రామరాజుని కాల్చేశారు. అన్నట్టు గంటందొర తమ్ముడు మల్లుదొర ఏళ్ళపాటు జైల్లో మగ్గి బయటికొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచాడు. సినిమాలో ఇది ఉండదు.

ఇవన్నీ తెలిశాక రోడ్డంటేనే చెడ్డదని రాసేద్దామనిపించింది. కానీ అదీ అబద్ధమే. 2022లో కొత్తగా ఏర్పడిన మన అనకాపల్లి జిల్లాలోనే, రోలుగుంట మండలం ఆర్ల పంచాయతీ కొండ పల్లెలవాళ్ళు రోడ్డు కావాలని డోలీలతో నిరసనలు చేశారు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని కర్రకి కట్టిన గుడ్డలో మోసుకు దిగడం వార్తల్లో మీరూ చూసే ఉంటారు. నూరేళ్ళ కిందట రోడ్డుకోసం కొట్టి పని చేయించారు, ఇప్పుడు వేయమంటే కాగితాలు కదలవు. మనం మాత్రం మంచు చూడ్డానికి కారేసుకుని పోతున్నాం.

పైకెక్కాక మంచు బాగానే పడింది. ఫొటోలు కూడా బాగానే వచ్చాయి. దిగుతూ కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి చూద్దామనుకున్నాం గానీ ఒకడికి రాత్రి బస్సు టికెట్ ఉంది. ఈసారి ముందు అక్కడికే వెళ్ళాలి.