జబ్బు పడిన నాటి కూలి

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. సరిగ్గా మూడు నెలలకు, జూలై 1న, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను పంపడం ఆగింది. అందుకే ఆ ఓడల పట్టీల్లో మనవాళ్లు ఎక్కువగా ఉత్తర ఆర్కాటు వాళ్లుగా కనిపిస్తారు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు, సుమారు లక్షా 52 వేల మంది భారతీయులు ఒప్పందం మీద ఆ దేశం వెళ్లారు. మూడింట రెండొంతుల మంది మద్రాసులోనే ఓడెక్కారు.

వాళ్ల ఆరోగ్యం చెరకు తోటలో చెడిందనుకుంటాం. అది ఊళ్లోనే చెడడం మొదలైంది. 1876–78 నాటి ధాత కరువులో భారత ప్రభుత్వ ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలిలో గింజలను రోజుకు ఒక పౌనుకు కుదించాడు. దానితో పనిచేసే మనిషి నిలబడలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. అలా ఎండిపోయిన ఒంటికి వలస డిపోలో డాక్టరు పరీక్ష చేసి ‘పనికి తగినవాడు’ అని రాస్తే, ఆ రాతకు ఎంత విలువ?

ఒప్పందం అయిదేళ్లు. మగవాడికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఆపై ఏటా ఒక షిల్లింగు పెంపు. ఆడవాళ్లకు అందులో సగం. తిండి, బస, మందు యజమానివే, కాగితం మీద. తోటలో బియ్యం బదులు మొక్కజొన్న పిండి కొలిచేవారు. రాగిసంగటి తిన్న నోటికి పిండి కొత్తేమీ కాదు. కానీ సరిగా ఉడకని పిండి, వాగునీళ్లు, మరుగుదొడ్లు లేని కిక్కిరిసిన బ్యారక్‌లు కలిస్తే రక్తవిరేచనాలు తప్పవు. పని మానితే కూలి కోత. కాబట్టి జ్వరంతోనే కత్తి పట్టుకుని చెరకులోకి దిగేవారు.

1866లో వలస ఆగింది. 1871లో తిరిగొచ్చినవాళ్లు మద్రాసులో తమ గోడు వెళ్లబోసుకున్నారు. నేటాల్ 1872లో విచారణ సంఘం వేసి, వలసదారుల రక్షకాధికారిని నియమించి, కొరడా దెబ్బలు రద్దు చేశాకే, 1874లో ఓడలు మళ్లీ కదిలాయి. నా లెక్కలో అక్కడ ఈ మార్పులు చేయించింది జాలి కాదు, కూలీలు రారన్న భయం.

జాలి లేదనడానికి రుజువు 1895 నాటి మూడు పౌన్ల పన్ను. గడువు తీరినవాళ్లు స్వదేశానికి వెళ్లాలి, లేదా మళ్లీ ఒప్పందం రాయాలి, కాదంటే ఏటా 60 షిల్లింగులు కట్టాలి. అంటే మొదటి ఏడాది కూలిలో ఆరు నెలల సొమ్ము. ఎంతోమంది అరిగిన ఒళ్లతో మళ్లీ చెరకులోకే వెళ్లారు. 1913లో భారతీయ కూలీల సమ్మె తర్వాత, 1914లో గానీ ఆ పన్ను పోలేదు.

ఇక మనదేశంలో జబ్బు పడిన కూలీ సంగతి. 1951 తోటల కార్మికుల చట్టం టీ, కాఫీ, రబ్బరు, సింకోనా తోటల్లో ఇల్లు, వైద్యం, జబ్బు రోజుల భత్యం తప్పనిసరి చేసింది. ఆ పేర్లలో మామిడి లేదు. చిత్తూరు మామిడి తోటల్లో పురుగుమందు కొట్టేవాళ్లు, తోతాపురి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడవాళ్లు ఎక్కువగా సీజను కూలీలే. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పెద్ద జబ్బుకు ఆసుపత్రి ఖర్చు తప్పింది. 2019లో ‘ఆరోగ్య ఆసరా’ శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతికి రోజుకు 225 రూపాయలు ప్రకటించింది. వడదెబ్బ తగిలి రెండు రోజులు మంచం పట్టిన కూలీకి మాత్రం అది వర్తించలేదు.